ఉల్బోసిన్ వంటసాల దండ

మా వదిన పేరు ఉల్బోసిన్. "మగపిల్లాడు పుట్టాలి" అని దానర్థం. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగోసారీ ఆడపిల్లే పుట్టేసరికి వాళ్ళ నాన్న తన కోపమంతా ఆ పేరులో పెట్టి చేతులు దులుపుకున్నాడు. తర్వాత నిజంగానే ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఆ ఘనత తన పేరుదేనని వదిన ఇప్పటికీ చెప్పుకుంటుంది. "పుట్టగానే నాకిచ్చిన ఉద్యోగం అది. నమ్మకంగా చేశాను, ఒక్కరూ మెచ్చుకోలేదు," అంటుంది.

మా ఊళ్ళో కోడళ్ళు అత్తవారి వైపు మగవాళ్ళని పేరు పెట్టి పిలవరు. ఎవరికి తగిన మారుపేరు వాళ్ళకి తగిలిస్తారు. వదిన భర్త ఒతెగెన్‌కి నేను బాబాయి కొడుకుని. పదకొండు వేసవులు యూనివర్సిటీ వాళ్ళ దగ్గర చేపల్ని కొలిచే పని చేశాను కాబట్టి నాకు "కొలబద్ద మరిది" అని పేరు పెట్టింది. ఊరంతా దాన్నే పట్టుకుంది. నా అసలు పేరు ఇప్పుడు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా బతికి లేదు.

మాది జయిన్‌కోల్. ఇలీ నది బల్ఖాష్ మహాసరస్సులో కలవబోయే ముందు పాయలుగా చీలిపోయి రెల్లులో దారి తప్పే చోట ఉంటుంది మా సరస్సు. ఊరిదీ సరస్సుదీ ఒకటే పేరు. ముప్పై రెండు మంది వలవాళ్ళ దళం, వాళ్ళలో ఇద్దరు వదిన కొడుకులు. మేం బతికేది సజాన్ చేప మీద. బంగారు రంగు పొలుసులు, రెండు జతల మీసాలు, నెమ్మదైన నడక, చూడ్డానికి ఊరి మోతుబరిలా ఉంటుంది సజాన్.

మిగతా ఊళ్ళలో గౌరవం గల అతిథికి గొర్రె తల పెడతారు. మా రెల్లు బురదలో గొర్రె బతకదు కాబట్టి తాతల నాటి నుంచి మేం సజాన్ తల పెడుతున్నాం. అతిథి వాటాని సిబగా అంటాం. వల పైకి రాగానే అందులో అన్నిటికన్నా పెద్ద చేప సిబగా. దాన్ని తూకం వెయ్యకూడదు, కొలవకూడదు, ఎంత ఉందో నోటితో అనకూడదు. అతిథి తినే ముద్దలు లెక్కపెట్టారని పేరొస్తే ఆ ఇంటికి పిల్లనివ్వడానికి కూడా నాలుగుసార్లు ఆలోచిస్తారు.

దీనికి వదిన అత్తగారు ఒక ముచ్చట కలిపింది. అతిథి తల తిని లేచాక, చేప చెంప మీద మొప్పల్ని మూసి ఉంచే గట్టి రేకు ఎముక ఉంటుంది చూశారూ, దాన్ని కడిగి, వెచ్చటి బూడిదలో ఆరబెట్టి, దాని మీద చెరగని పెన్సిల్‌తో అతిథి పేరు, తేదీ రాసి, వలతాడుకి గుచ్చేది. అత్తగారు పోయాక ఆ పని వదిన అందుకుంది. వేసవి వంటసాలలో ఈ మూల నుంచి ఆ మూలకి ఆ దండ వేలాడుతూ ఉంటుంది. వియ్యపురాళ్ళు, డాక్టర్లు, ఒకసారి దారి తప్పి వచ్చిన విమానం పైలట్ కూడా అందులో ఉన్నారు. గాలికి ఎముకలు టకటకమంటే "అతిథులు కబుర్లాడుకుంటున్నారు" అనేది వదిన.

ఆ దండలో అందరికన్నా ఎక్కువ చోటు ఆక్రమించిన మనిషి ప్రొఫెసర్ జుమాదిల్లా. మా పద్ధతిలో గౌరవంగా పేరు కుదిస్తే జుమెకె.

నగరంలోని యూనివర్సిటీలో జలవనరుల పరిశోధన, సలహా కేంద్రానికి ఆయన అధిపతి. వచ్చే ఏడు ఏ సరస్సులో ఎన్ని టన్నులు పట్టుకోవచ్చో తేల్చడానికి ముందు ఎవరో ఒక శాస్త్రవేత్త నివేదిక రాయాలి కదా, మా పాలిట ఆ శాస్త్రవేత్త ఆయన. ప్రతి ఆగస్టులో వచ్చేవాడు. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు, ఒక డ్రైవరు, పది రోజుల మకాం. మొదటి ఏడు శబ్దంతో చేపల్ని లెక్కపెట్టే యంత్రం ఒకటి తెచ్చాడు. విదేశీ సరుకు, అట్టపెట్టె మీద గాజు గ్లాసు బొమ్మ కూడా ఉంది. దాని బ్యాటరీ మాత్రం వేరే ప్రాజెక్టు కింద రావాలన్నాడు. ఆ ప్రాజెక్టు ఇంకా రాలేదు. యంత్రాన్ని గిడ్డంగిలో పెట్టాం, పెట్టెలో వదిన కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

యంత్రం లేదు కాబట్టి ఆయన శాస్త్రమంతా నా కొలత బల్ల మీదే నడిచింది. తన సొంత వలలు ఎనిమిది చోట్ల వేయించేవాడు. పొద్దున్నే ఒతెగెన్ అన్న పడవలో వెళ్ళి వాటిని లాగేవాడు. ఒడ్డుకొచ్చాక నేను ఒక్కో చేపని బల్ల మీద పడుకోబెట్టి పొడవు చెప్తే ఓ విద్యార్థిని రాసుకునేది, ఇంకొకరు పొలుసు పీకి వయసు లెక్కపెట్టేవారు. చెట్టు మొద్దులో ఉన్నట్టే పొలుసు మీదా ఏడాదికో వలయం ఉంటుంది. శాస్త్రం తప్పు కాదు. మనుషులు బుద్ధిమంతులు. అయినా చూడండి ఏం జరిగిందో.

వల పడవలోకి రాగానే ఒతెగెన్ అన్న అందులో పెద్దవి రెండో మూడో తీసి పక్కన పెట్టేవాడు. ఇంట్లో అతిథి ఉన్నాడు మరి. పడవ ముందు మా పెరటి రేవుకి వెళ్ళేది, అక్కడ పెద్ద చేపలు వదిన చేతికి. తర్వాత నా బల్ల దగ్గరికి, మిగతావి నా చేతికి. మధ్యాహ్నానికి వదిన ఆ సజాన్‌ని వీపు వైపు నుంచి చీల్చి, ఉల్లిపాయలూ టమాటాలూ పరిచి, విల్లో కొమ్మల పొగ మీద కొక్తాల్ చేసేది. తల విడిగా ఉడికించి పళ్ళెంలో జుమెకె ముందు పెట్టేది. ఆయన చెంప కండ వేలితో తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. "ఉల్బోసిన్ గారూ, ఇలాంటి చేప ఇంకెక్కడా లేదండీ," అనేవాడు. తర్వాత చెయ్యి కడుక్కుని నా బల్ల దగ్గరికొచ్చి, కాయితం చూసి నిట్టూర్చేవాడు.

"అన్నీ పిల్లలేనయ్యా. తల్లి చేపలు ఏమైపోయాయి?"

గడ్డానికి అంటుకున్న కొవ్వు తుడుచుకుంటూనే అడిగేవాడు. అందులో మోసం లేదు, నిజంగానే బాధపడేవాడు. ఆయన్ని తిట్టుకోవడానికి నాకున్న పెద్ద అడ్డంకి అదే.

ఏటేటా నివేదిక వచ్చేది, ఏటేటా మా కోటా తగ్గేది. మా దళం పట్టిన పెద్ద చేపల గురించి చెప్పబోతే "వలవాడి మాట ఆధారం కాదు" అనేవాడు. ఊళ్ళో వాళ్ళకి భయం పట్టుకుంది. భయపడ్డ ఊరు ఏం చేస్తుంది? ఆయన్ని ఇంకా బాగా చూసుకుంది. నీళ్ళలో ఉన్నవాటిలో ఇంకా పెద్దది, ఇంకా ముసలిది ఏరి మరీ పెట్టింది. ఆయన ఇంకా తృప్తిగా తిన్నాడు, నా కాయితం మీద ఇంకా చిన్నవే మిగిలాయి, కోటా ఇంకా తగ్గింది. పదకొండేళ్ళు ఈ గానుగ తిరిగింది. నేను దాని పక్కనే కొలబద్ద పట్టుకుని నిలబడ్డాను.

పదకొండో ఏడు నివేదికలో సరస్సుని అయిదేళ్ళు మూసెయ్యాలని రాశాడు. ఊరి క్లబ్బులో బహిరంగ విచారణ పెట్టి, ఆ తర్వాత ఖాయం చేస్తారట. మూసేశారంటే దళం ఉండదు, దళం లేకపోతే చేపల కొట్టం ఉండదు, కొట్టం లేకపోతే జయిన్‌కోల్‌కి బస్సు కూడా రాదు.

విచారణకి మూడు రోజుల ముందు ఆ నివేదిక పట్టుకుని వదిన వంటసాలకి వెళ్ళాను. చేపలకి ఉప్పు పట్టిస్తోంది. ఏం రాశాడో చదవమంది. చదువుతూ ఒక వాక్యం దగ్గరికొచ్చాను. "పదకొండేళ్ళ నమూనాల్లో నలభై అయిదు సెంటీమీటర్లు దాటిన సజాన్ ఒక్కటి కూడా నమోదు కాలేదు."

"మళ్ళీ చదువు," అంది వదిన.

మళ్ళీ చదివాను.

"నలభై అయిదంటే ఎంత?"

నా మోచెయ్యి నుంచి వేళ్ళ చివరి దాకా చూపించాను. ఆవిడ ఉప్పు చేతుల్తో అలాగే నిలబడిపోయింది.

"ఇంతేనా? నా పళ్ళెంలో తోక బయటికి వేలాడేది. మరి అవన్నీ ఏంటి మరిదీ?"

"అవి సిబగా కదా వదినా. బల్ల మీదికి రాలేదు."

"నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు. అంటే, తెలుసని అనుకోలేదు."

"చదువుకున్నవాళ్ళ దగ్గర పదకొండేళ్ళున్నావు. ఈ ముక్క మాత్రం బాగా నేర్చుకున్నావు."

తర్వాత పీట మీద కూలబడింది. ఆవిడ ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు, అత్తగారు పోయినప్పుడు కూడా పనిలో పడి ఏడవడం మర్చిపోయింది. "నా చేత్తో వండిపెట్టి నా పిల్లల వలలు నేనే కోసేశాను," అంది. తల మీద దండ గాలికి టకటకమంది. వదిన తలెత్తి దాని వైపు చాలాసేపు చూసింది. ఆవిడ ఏం అనుకుంటోందో నాకర్థమైంది.

ఒతెగెన్ అన్నకి కూడా అర్థమైంది. "అతిథి తిన్నది పదిమందిలో పెట్టి చూపిస్తావా? మా అమ్మ బతికుంటే నీ చేతి టీ కూడా తాగేది కాదు," అన్నాడు.

"తెలుసు. అందుకే నిన్నటి నుంచి నాకూ టీ దిగట్లేదు," అంది వదిన.

విచారణ రోజు క్లబ్బు నిండిపోయింది. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. జుమెకె గోడ మీద బొమ్మలు వేయించాడు. సజాన్ లెక్క చూపే ఎర్ర గీత ఒకటి ఎడమ మూలన పైనుంచి బయల్దేరి కుడి మూలకి జారిపోతోంది. "ఈ గీత ఎందుకు దిగుతోంది? అత్యాశ," అన్నాడు. "ఇక్కడెవరో తల్లి చేపల్ని తినేస్తున్నారు. పేర్లు నేను చెప్పను. మీకే తెలుసు." ముప్పై రెండు మంది మగవాళ్ళు తలలు వంచుకున్నారు. వాళ్ళు నిజంగానే సిగ్గుపడ్డారు, అది చూసి నాకు ఒళ్ళు మండింది.

వెనక వరసలోంచి వదిన లేచింది. చేతిలో గోధుమపిండి సంచి.

"జుమెకె, ఆ పేర్లు నా దగ్గరున్నాయి," అంది.

ముందుకి నడిచి అధికారి బల్ల మీద సంచి బోర్లించింది. దండలోంచి తీసిన ఎముకలు గలగలమంటూ జారాయి, అరచేతంత రేకులు, కొన్ని అంతకన్నా పెద్దవి. నూట నాలుగు. అధికారి కళ్ళజోడు పెట్టుకుని ఒకటి తీసుకుని చదివాడు. "జుమాదిల్లా, ఆగస్టు మూడు." ఇంకోటి తీశాడు. "జుమాదిల్లా, ఆగస్టు నాలుగు." ఇంకోటి. "జుమాదిల్లా, ఆగస్టు అయిదు." తర్వాత చదవడం మానేసి ప్రొఫెసర్ వైపు చూశాడు.

"ఇవి శాస్త్రీయంగా సేకరించినవి కావు. ఏ నీళ్ళలోవో, ఏ వలలోవో..." అన్నాడు జుమెకె.

"మీ వలలే. మీ ఎనిమిది చోట్లే," అంది వదిన. "అడగండి, మా కొలబద్ద మరిది అక్కడే ఉన్నాడు."

అధికారి నా వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. నా వచ్చే ఏటి పని కాయితం జుమెకె సంతకం కోసం ఆయన సంచీలోనే ఉంది. లేచి నిలబడ్డాను. "నిజమే. ఇవి నా ముందు నుంచే పోయాయి. నేను కొలవలేదు," అన్నాను. పదకొండేళ్ళలో నేను చెప్పిన పనికొచ్చే మాట అదొక్కటే.

వదిన అక్కడితో ఆగలేదు. ప్రొఫెసర్ పక్కన కూర్చున్న పరిశోధక విద్యార్థిని మెరుయెర్త్‌ని పిలిచింది. సన్నగా, భయంభయంగా ఉండే పిల్ల. "అమ్మాయ్, పొలుసు మీద వయసు చెప్తావు కదా, ఎముక మీద చెప్పగలవా?"

మెరుయెర్త్ తన గురువు వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు. పిల్ల ఒక రేకు తీసి వెలుతురికి పెట్టి గోటితో లెక్కపెట్టింది. "తొమ్మిదేళ్ళు." ఇంకోటి. "పన్నెండు." ఇంకోటి తీసి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. "పద్నాలుగు, సార్. ఈ వయసువి ఇక్కడ లేవనే మనం నివేదికలో రాశాం."

"అవి నమూనాలోకి రాలేదు," అన్నాడు జుమెకె నెమ్మదిగా.

"ఎలా వస్తాయి నాయనా, దారిలో నీ భోజనం అడ్డం వచ్చింది," అన్నాడు వెనక నుంచి సార్సెన్ తాత. క్లబ్బు విరగబడి నవ్వింది. వదిన నవ్వలేదు. నవ్వులు ఆగాక తాతే ఆవిడ వైపు తిరిగాడు. ఊళ్ళో అందరికన్నా పెద్ద, ఆయన మాటంటే మాటే.

"కోడలా, అతిథి ముద్దలు లెక్కపెట్టావు."

"పెట్టాను తాతా. ఆయన మన నోటి దగ్గర ముద్ద తీస్తున్నాడు. ఇంకేం చెయ్యాలో తెలీలేదు."

తాత పెద్దల బెంచీ మీద పక్కకి జరిగి ఆవిడకి చోటిచ్చాడు. కోడళ్ళు ఆ బెంచీ మీద కూర్చోవడం మా ఊళ్ళో అదే మొదలు.

సెప్టెంబరులో మళ్ళీ సర్వే చెయ్యాలని అధికారి రాసి వెళ్ళాడు. జుమెకె మళ్ళీ వచ్చాడు, ఈసారి ఆకలి తక్కువగా ఉన్న మనిషిలా కనిపించాడు. పడవ రేవు దగ్గర ఆగకుండా తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చింది. ఎనభై ఒకటి, డెబ్భై ఆరు, ఎనభై నాలుగు అని అరుస్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అన్నిటికన్నా పెద్దది నా కొలబద్ద దాటిపోయింది, ఒడ్డున ఉన్న తెడ్డు అడ్డం పెట్టి కొలవాల్సొచ్చింది.

ఆ పది రోజులూ వదిన భోజనాల గుడ్డ దస్తర్‌ఖాన్ పరిచి, కొట్టులో కొన్న చిన్న చేపల డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టింది. బాల్టిక్ సముద్రం సరుకు. వేలంత చేపలు, నూనెలో వరసగా పడుకుని ఉంటాయి, ఒక్కదానికీ తల ఉండదు.

"తీసుకోండి జుమెకె. వేరే నీళ్ళవి. ఇవి తింటే మన లెక్క చెడదు," అంది, టీ పోస్తూ.

ఆయన తిన్నాడు. ఏం చేస్తాడు, అతిథి కదా.

డిసెంబరులో నివేదిక వచ్చింది. సరస్సు మూత పడలేదు, కోటా పెరిగింది. ఊరు రెండు రోజులు పండగ చేసుకుంది, మూడో రోజు నేను ఆ నివేదిక పూర్తిగా చదివాను. "యూనివర్సిటీ సలహా కేంద్రం సూచించిన శాస్త్రీయ చర్యల ఫలితంగా జయిన్‌కోల్‌లో పెద్ద సజాన్ నిల్వలు ఒకే ఏడాదిలో అసాధారణంగా పుంజుకున్నాయి" అని ఉంది. ఆ చర్యలేమిటో రాయలేదు. ఆయన భోజనం మానేశాడని ఏ పత్రికలో అచ్చువేస్తారు? దీని మీద రాజధానిలో ఆయనకో సన్మానం జరిగింది, శాలువా కప్పిన ఫొటో మాకూ ఒకటి పంపించాడు. నూట నాలుగు ఎముకలు యూనివర్సిటీ మ్యూజియంలోకి వెళ్ళాయి, సేకరించినవారు జుమాదిల్లా అని చీటీ అంటించారట. ఊళ్ళో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వదిన అయితే ఫొటో తీసుకెళ్ళి కోళ్ళ పెట్టె మీద కప్పింది, వాన పడకుండా.

మళ్ళీ ఆగస్టు వచ్చింది, జుమెకె వచ్చాడు. మెరుయెర్త్ కూడా వచ్చింది. ఇప్పుడు మా ఊళ్ళో పద్ధతి మారింది. పెద్ద చేప ముందు నా బల్ల ఎక్కుతుంది, పొడవు రాస్తాం, పొలుసు తీస్తాం, ఆ తర్వాతే వంటసాలకి. మొదటి రోజు పడ్డ పెద్ద సజాన్ ఎనభై ఒక్క సెంటీమీటర్లు, పదమూడేళ్ళది. వదిన కొక్తాల్ చేసింది. ఏడాది తర్వాత మళ్ళీ ఆ పొగ వాసన పెరడంతా కమ్ముకుంది. జుమెకె చేతులు కడుక్కుని, దస్తర్‌ఖాన్ పైవరసలో తన చోట కూర్చుని, పైన వేలాడే దండ వైపు చూశాడు. మధ్యలో, ఆయన పేరున్న ఎముకలు తీసేసిన చోట, ఖాళీ తాడు బారెడు మిగిలి ఉంది.

వదిన తల ఉన్న పళ్ళెం తెచ్చింది. ఆయన రెండు చేతులూ చాపాడు. వదిన ఆయన వెనక నుంచి నడిచి వెళ్ళి, ఆ పళ్ళెం కింది వరసలో చివర కూర్చున్న మెరుయెర్త్ ముందు పెట్టింది.

పిల్ల మొహం తెల్లబోయింది. "పెద్దమ్మా, ఇది నాకెలా? మా నాన్న బతికే ఉన్నాడు." తండ్రి ఉన్నవాళ్ళకి తల పెట్టడం మాలో లేదు, పెళ్ళికాని ఆడపిల్లకైతే అసలే లేదు.

"నాన్నకి నూరేళ్ళు. తిను," అంది వదిన. "వెలుతురికి పెట్టి, చూసింది చూసినట్టు చెప్పావు."

జుమెకె చేతులు అలాగే గాల్లో ఉన్నాయి. వదిన వాటిలో ఒక పళ్ళెం పెట్టింది, తోక వైపు ముక్క, దానితో పాటు రొట్టె. ఆయన చాలాసేపటికి చేతులు దించి తినడం మొదలుపెట్టాడు. తిన్నాక బాగుందని కూడా అన్నాడు, అది నిజమే, ఆవిడ వండింది బాగోకపోవడమంటూ లేదు.

సాయంత్రం వదిన చెంప రేకు కడిగి బూడిదలో ఆరబెట్టి నా చేతికిచ్చింది. "కొలబద్ద మరిదీ, నువ్వు రాయి. ఈసారి అన్నీ రాయి," అంది. మెరుయెర్త్, తేదీ, ఎనభై ఒకటి, పదమూడేళ్ళు అని రాశాను. వదిన దాన్ని ఆ ఖాళీ తాడు మధ్యలో గుచ్చింది.